అన్నీ జెండాలేనా?



2021వ సంవత్సరం మే 21వ తేదీ, సూర్యాస్తమయ వేళ, విశాఖపట్టణం నౌకాదళ డాక్‌యార్డులో ఐ.ఎన్.ఎస్. రాజ్‌పుత్ అనే యుద్ధనౌక సేవనుండి విరమించింది. 1980 మే 4న, అప్పటి సోవియట్ యూనియన్‌లోని పోటీ రేవులో (నేడది జార్జియా దేశంలో ఉన్నది) మన నౌకాదళంలో చేరిన ఓడ అది. నలభైయొక్క సంవత్సరాలు పనిచేసింది. కరోనా కాలం గనుక విరమణోత్సవం నిరాడంబరంగా జరిగింది. ఆ ఊరిలో ఉన్న అధికారులు, నావికులు మాత్రమే పాల్గొన్నారు. ఆ సంధ్యవేళ ఆ నౌకపైనుండి మూడు వస్త్రాలు దిగాయి. ఒకటి జాతీయ పతాకం. రెండవది నౌకాదళ ధ్వజం. మూడవది పెద్ద స్తంభం కొనన ఎగిరే సన్నని, పొడవాటి టెక్కెం. దానిని ఆంగ్లంలో కమిషనింగ్ పెన్నెంట్ అంటారు. మరునాడు నేను చదివిన తెలుగు వార్తలో ఈ మూడూ కలిసి "జెండా దించేశారు" అనే రెండు మాటలైపోయాయి.

రెండు మాటలు చాలవా అనేవారున్నారు. ఆ మధ్య ఒక సాహిత్య సభలో చదువుకున్న పెద్దమనిషి ఒకరు, "ధ్వజమన్నా పతాకమన్నా టెక్కెమన్నా ఒకటే గుడ్డముక్క గదా! జెండా అంటే అందరికీ తెలుస్తుంది, ఇన్ని మాటలు దేనికి?" అని సెలవిచ్చారు. చప్పట్లు కూడా మ్రోగాయి. సభామర్యాద కోసం అక్కడ ఊరకున్నాను. ఇక్కడ ఊరకుండవలసిన పని లేదు.

మొదట ఆ మూడు వస్త్రాలు ఏమి చెబుతాయో చూద్దాం. యుద్ధనౌక రేవులో నిలిచి ఉన్నప్పుడు ముందు కొనపై జాతీయ పతాకం ఎగురుతుంది. వెనుక కొనపై నౌకాదళ ధ్వజం ఎగురుతుంది. ఈ ఓడ ఏ దేశానిది, ఆ దేశంలో ఏ వర్గానికి చెందినది అనే ప్రశ్నలకు ఇవి సమాధానాలు. రేవులో ఉన్న నౌకపై ఈ రెండూ ఉదయం ఎక్కి సూర్యాస్తమయానికి దిగుతాయి. మూడవదైన టెక్కెం కథ వేరు. నౌక సేవలో ప్రవేశించిన నాడు అది ఎక్కుతుంది. విరమించిన నాడు దిగుతుంది. నడుమ రాత్రి లేదు, పగలు లేదు, రేవు లేదు, నడిసముద్రం లేదు. గాలికి చిరిగితే క్రొత్తది మార్చుతారు, అంతే. అది చెప్పే మాట ఒక్కటే: "ఈ ఓడ ఒక అధిపతి ఆజ్ఞలో, ప్రభుత్వం ఇచ్చిన అధికారంతో, ఇప్పుడు పనిలో ఉన్నది." బ్రిటిష్ సంప్రదాయాన్ని అనుసరించే నౌకాదళాలలో, అడ్మిరల్ ఒక ఓడపై తన పతాకం ఎగురవేస్తే టెక్కెం ఆ పతాకానికి చోటిచ్చి తప్పుకుంటుంది. పెద్దవాడు వచ్చి ఉన్నాడు, ఇక్కడి మాట ఇప్పుడు ఆయనది అని దాని అర్థం.

వర్తకనౌకకు ఈ టెక్కెం లేదు. 1948 మార్చి 14న విశాఖపట్టణంలోనే జవహర్‌లాల్ నెహ్రూ జలప్రవేశం చేయించిన 'జల ఉష' ఎంత పేరు పొందిన ఓడ! అయినా దాని స్తంభంపై ఈ టెక్కెం ఎగరడానికి వీలు లేదు. అది సరుకులు మోసే ఓడ. గస్తీ తిరిగే చిన్న యుద్ధనౌకకు ఉన్న హక్కు దానికి లేదు. ఇది పరిమాణాన్ని బట్టి వచ్చే గౌరవం కాదు, చేసే పనిని బట్టి వచ్చేది.

ఇప్పుడు ఆ వార్తను మరలా చదవండి. "జెండా దించేశారు." రాజ్‌పుత్ రేవులో ఉన్న ప్రతి సాయంత్రమూ దానిపై జెండా దిగుతూనే ఉన్నది, నలభైయొక్క ఏళ్ళపాటు! అందులో వార్త ఏమున్నది? ఆ సాయంత్రం వార్త టెక్కెం దిగడం. వార్త వ్రాసినవారు సరిగ్గా వార్తనే వదలిపెట్టారు.

మరొక ఉదాహరణ చెబుతాను. 1971 డిసెంబరు 9వ తేదీ రాత్రి, డయ్యూ తీరానికి దూరంగా అరేబియా సముద్రంలో, ఐ.ఎన్.ఎస్. ఖుక్రీని పాకిస్థాన్ జలాంతర్గామి హంగోర్ టార్పెడోతో ముంచివేసింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు అమరులయ్యారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడను విడిచి రాలేదు. ఆ నౌక టెక్కేన్ని దించినవారు లేరు; దించే వేళ రాలేదు. ఓడతోపాటు అదీ మునిగింది. తరువాత అదే పేరుతో మరొక నౌక 1989 ఆగస్టు 23న సేవలో చేరింది. ముప్ఫైరెండు సంవత్సరాలు పనిచేసి, 2021 డిసెంబరు 23న మన విశాఖలోనే విరమించింది. ఆ సూర్యాస్తమయాన జాతీయ పతాకం, నౌకాదళ ధ్వజం, విరమణ టెక్కెం దిగాయి. ఒక ఖుక్రీ టెక్కెం సముద్రంలో మునిగింది, మరొక ఖుక్రీ టెక్కెం వందనం మధ్య దిగింది. పూర్వపు నౌకాయుద్ధాలలో శత్రువు ఎదుట ధ్వజం దించడమంటే లొంగిపోవడం. పని ముగిసి దించడమంటే గౌరవం. ఆ రెంటికీ ఉన్న దూరమంతా "జెండా" అనే ఒక్క గంపలో పడవేసి మూత పెడితే, చదివే పిల్లవానికి ఏమి తెలుస్తుంది?

విరమణ టెక్కెం గురించి ఒక మాట. సేవాకాలం ముగించుకునే నౌకపై మామూలు టెక్కెం కంటే ఎంతో పొడవైనది ఎగురవేయడం ఆచారం. సంప్రదాయం ప్రకారం దాని పొడవు ఓడ పొడవుతో సమానం. బడిలో పనిచేసి రిటైరైనవానికి మెడలో దండ వేసి శాలువ కప్పినట్లు, ఓడకు ఇది. నా దగ్గర చదువుకొని నౌకాదళంలో చేరిన ఒక శిష్యుడు (ఇప్పుడు వానికీ తల నెరిసింది) సెలవులకు వచ్చినప్పుడు చెప్పాడు: "అయ్యవారూ, ఆ పొద్దు ఓడ దిగి వచ్చేటప్పుడు వెనక్కి తిరిగి చూడకూడదనుకుంటాము. అందరమూ చూస్తాము. పెన్నెంట్ ఉండిన చోటే చూస్తాము." వాడు పెన్నెంట్ అన్నాడు. మరేమంటాడు? నేను బోధించిన పాఠ్యపుస్తకాలలో ఎక్కడా దానికి తెలుగు మాట లేదు.

మాట లేదా? మన భాషలోనే లేదా? ఉత్తర గోగ్రహణం తెలియని తెలుగువాడుండడు. బృహన్నల వేషంలోని అర్జునుడు కౌరవ వీరులను ఉత్తరునికి చూపి చెప్పాలి. ముఖాలు కనబడే దూరం కాదు. అందుకని రథాలపై ఎగిరే గుర్తులను చూపాడు. బంగారు వేదిక ద్రోణునిది, సింహపు తోక అశ్వత్థామది, వృషభం కృపునిది, శంఖం కర్ణునిది, పాము దుర్యోధనునిది, తాటిచెట్టు భీష్మునిది. తిక్కనగారు ఈ ఆరుగురినీ ఒకే సీసపద్యంలో, ఎత్తుగీతితో కలిపి, నిలబెట్టారు. ఆ పద్యం కంఠస్థం ఉన్నవారు ఒక్కసారి మనసులో చదువుకొని చూడండి. ఆరుగురికి ఆరు మాటలు! కేతనం, కేతువు, ధ్వజం, పతాక, పడగ, సిడము. ఒక్కటి కూడా రెండవసారి రాలేదు. అందులోనూ పాము గుర్తు గల దుర్యోధనునికే పడగ అనే మాట పడింది చూశారా! జెండా చాలునన్న పెద్దమనిషికి ఆ పద్యం చేతికిచ్చి, ఆరు చోట్లా జెండా పెట్టి చదవమనాలని నా కోరిక. యతిప్రాసల సంగతి అటుంచండి, మనుషులే మిగలరు.

దానికి అమరకోశం చూపేవారు కూడా ఉంటారని తెలుసు. పతాక, వైజయంతి, కేతనం, ధ్వజం - నాలుగింటినీ అమరసింహుడు ఒక్కచోటనే కూర్చాడు గదా, అవి పర్యాయపదాలే గదా అంటారు. అయ్యా, కోశకారుడు చేసే పని దగ్గరి మాటలను ఒక ఇంటిలో చేర్చడం. ఒక ఇంటిలో ఉన్నంత మాత్రాన అన్నదమ్ములందరూ ఒక్క మనిషి అవుతారా? ఉదకం, నీరు పర్యాయపదాలే. తర్పణం విడిచేటప్పుడు ఉదకం అంటాం. దాహం వేస్తే ఉదకం ఇమ్మని అడిగేవాడు లేడు. గుడిలో ఉన్నది ధ్వజస్తంభమే గాని పతాకస్తంభం కాదు. ప్రభుత్వంపై ధ్వజమెత్తారు అంటాం. పతాకమెత్తారు అంటే ఆ అర్థం రాదు. వాడుకలో తేడా ఉన్నదని మన నాలుకకు తెలుసు, మన కలం ఒప్పుకోవడం లేదు. (సినిమా వార్తలలో 'పతాక సన్నివేశం' అంటే కథలోని చివరి ఘట్టమని వాడుతున్నారు. దశరూపకం చదివినవారికి పతాక అంటే ప్రధానకథకు తోడై దూరం సాగే ఉపకథ, రామకథలో సుగ్రీవుని వృత్తాంతం వంటిది. దీనిని ఇప్పుడు దిద్దబోవడం నా వల్ల అయ్యే పని కాదు. కానివ్వండి.)

గుర్తును బట్టి మనిషిని చెప్పడం మనకు కొత్త కాదు. గరుడధ్వజుడు, వృషభధ్వజుడు, కపిధ్వజుడు, మీనకేతనుడు... పేరు పలకకుండానే ఎవరో తెలుస్తున్నది. ఓడలవారి పద్ధతీ అదే. యుద్ధనౌక ప్రక్కభాగాన పెద్ద అక్షరాలతో వ్రాసే సంఖ్యను నేటికీ పెన్నెంట్ నంబర్ అంటారు. రాజ్‌పుత్‌ది డి 51; 2021 నవంబరులో సేవలో చేరిన ఐ.ఎన్.ఎస్. విశాఖపట్టణంది డి 66. ఒకప్పుడు టెక్కేలెత్తి చెప్పిన గుర్తు ఇప్పుడు రంగుతో వ్రాసిన అంకెగా మారినా, పేరు పోలేదు. వారు వస్తువు పోయినా మాటను నిలుపుకున్నారు. మనం వస్తువు కళ్ళ ఎదుట ఎగురుతూ ఉండగానే మాటను పోగొట్టుకుంటున్నాం.

ఈ టెక్కేలూ వందనాలూ అంతా తెల్లవారు విడిచిపోయిన దాస్యపు వాసన, దానికి తెలుగు మాట వెదకడం ఎందుకు అనే మరొక వాదం ఉన్నది. దీనికి జవాబు చెప్పాలంటే సముద్రం దాకా పోనక్కరలేదు. మా ఊరి నుండి కొండ ఎక్కితే చాలు.

తిరుమలలో బ్రహ్మోత్సవాలు ధ్వజారోహణంతో మొదలవుతాయి. ముందునాటి సాయంత్రం అంకురార్పణం. మరునాడు గరుత్మంతుని రూపం చిత్రించిన పసుపు వస్త్రాన్ని ధ్వజస్తంభంపైకి ఎత్తుతారు. దర్భతో నేసిన చాప, దర్భతో పేనిన తాడు ఆ క్రతువుకు ప్రత్యేకంగా సిద్ధం చేస్తారు. ఆ వస్త్రం అలంకారం కాదు. సకల దేవతలకూ అది ఆహ్వానం, స్వామివారి ఉత్సవం ఆరంభమైనది, రండి అని. తొమ్మిదవ నాడు ఉదయం చక్రస్నానం, సాయంత్రం ధ్వజావరోహణం. వచ్చినవారికి వీడ్కోలు. గరుడధ్వజం ఎక్కి ఉన్నంతకాలం ఉత్సవం నడుస్తున్నదని అర్థం. దిగిందంటే ముగిసిందని అర్థం. నౌక స్తంభంపైని టెక్కెం చెప్పే మాట ఇదే కాదా? వ్యాకరణం చెప్పి బ్రతికినవాణ్ణి గనుక నా భాషలో చెబుతాను. ఆరోహణం అసమాపక క్రియ, అవరోహణం సమాపక క్రియ. 'వచ్చి' అని ఆపివేస్తే వినేవాడు ఎదురుచూస్తూనే ఉంటాడు; వాక్యం ముగియదు.

మా ప్రాంతంలో ఈ వాక్యాలు ఎన్ని విధాలో! తిరుచానూరులో పద్మావతీ అమ్మవారి కార్తీక బ్రహ్మోత్సవాలకు ఎక్కేది ఏనుగు చిత్రించిన ధ్వజం. కాణిపాకంలో వినాయకునికి మూషికం. కపిలతీర్థంలో నంది. శ్రీకాళహస్తిలో అన్నిటికంటే విశేషం: మహాశివరాత్రి బ్రహ్మోత్సవాలలో మొదటి ధ్వజారోహణం స్వామికి కాదు. కన్నప్ప కొండపై భక్త కన్నప్పకు జరుగుతుంది. ఆ తరువాతనే స్వామివారి ఆలయంలో. కళ్ళు పెకలించి ఇచ్చిన బోయవానికి ముందు వరుస ఇచ్చిన క్షేత్రం అది. ఓడపై అడ్మిరల్ పతాకం వస్తే టెక్కెం తప్పుకుంటుంది. శ్రీకాళహస్తిలో సేవకుని ధ్వజం ఎక్కేదాకా ఏలిక ధ్వజం ఆగుతుంది. రెండూ ఒకటి కావు. కాని రెండు చోట్లా వరుసకు అర్థం ఉన్నది. ఆ వరుస తప్పితే అర్థం తప్పుతుంది. ఇది మనకు తెల్లవాడు నేర్పిన సంగతి కాదు.

ఇంతమాత్రం చెప్పగానే, "చూశారా, ఓడల టెక్కెం కూడా మన గరుడధ్వజం నుండి పుట్టినదే" అని సెల్‌ఫోన్లలో సందేశాలు పంపే ఉత్సాహవంతులు బయలుదేరుతారు. వారితోనూ నాకు పేచీయే. దానికి ఆధారమేమీ లేదు. ఆంగ్లేయులు కూడా ఈ విషయంలో తక్కువ తినలేదు. 17వ శతాబ్దంలో డచ్చి నౌకాధిపతి ట్రాంప్, ఇంగ్లీషువారిని సముద్రంపైనుండి ఊడ్చివేస్తానని స్తంభానికి చీపురు కట్టాడట; ఇంగ్లీషు నౌకాధిపతి బ్లేక్, వారిని తరిమికొడతానని కొరడా కట్టాడట; ఆ కొరడాయే ఈ సన్నని టెక్కెం అయినదట. వినడానికి బాగున్నది. సమకాలపు సాక్ష్యం ఒక్కటీ లేదు. పొడవాటి టెక్కేలు అంతకు ముందే మధ్యయుగపు ఐరోపా ఓడలపై ఉన్నాయి. గాలి, స్తంభం, గుడ్డ, దూరాన ఉన్నవానికి మాట చెప్పవలసిన అవసరం - ఈ నాలుగూ ఉన్న ప్రతిచోటా మనిషి ఇటువంటిది కనిపెట్టుకున్నాడు. మనదే మూలం అని చెప్పుకోకపోతే మన గౌరవం తగ్గిపోతుందా?

దాస్యపు వాసన అన్నారు గనుక నౌకాదళ ధ్వజం సంగతి కూడా చెప్పుకుందాం. 1950 నుండి మన నౌకాదళ ధ్వజంపై తెల్లని నేల మీద ఎర్రని సెయింట్ జార్జ్ శిలువ ఉండేది, మూలన మువ్వన్నెలు. 2001లో శిలువను తీసివేసి నీలంరంగు నౌకాదళ చిహ్నం పెట్టారు. ఆ నీలం ఆకాశంలో సముద్రంలో కలిసిపోయి కనబడడం లేదని 2004లో శిలువ మరలా వచ్చింది, నడుమ జాతీయ చిహ్నంతో. 2014లో ఆ చిహ్నం క్రింద సత్యమేవ జయతే చేరింది. చివరకు 2022 సెప్టెంబరు 2న, స్వదేశంలో నిర్మించిన విక్రాంత్ సేవలో చేరిన రోజున, కొచ్చిలో క్రొత్త ధ్వజం ఆవిష్కరించారు. శిలువ పోయింది, శివాజీ ముద్రను తలపించే అష్టకోణం, అందులో లంగరు, వరుణుడు మాకు శుభం కలిగించుగాక అనే అర్థం గల సంస్కృత వాక్యం వచ్చాయి. నేను సంతోషించినవారిలో ఒకణ్ణి. అయితే మారింది బొమ్మ. ఎప్పుడు ఎక్కాలి, ఎప్పుడు దిగాలి, ఏది ఎక్కడ ఎగరాలి అనే నియమం మారలేదు, మారవలసిన పనీ లేదు. 2001 నాటి ముచ్చటలో మనకొక పాఠం కూడా ఉన్నది: ఎంత స్వదేశీయమైనా కనబడని ధ్వజం వినబడని మాట వంటిది.

కనబడడం గురించి చెప్పేటప్పుడు ఓడల సంకేతాల సంగతి విడువరాదు. అంతర్జాతీయ సంకేతావళిలో 26 అక్షరాలకు 26 పతాకాలు, అంకెలకు కొసవైపు సన్నబడే టెక్కేలు పది, ఒకసారి ఎత్తినదానినే మరలా చెప్పడానికి మూడు త్రికోణపు టెక్కేలు, సమాధానానికి ఒకటి. మొత్తం నలభై. ఒక్కొక్క అక్షరానికి విడిగా కూడా అర్థం ఉన్నది. పసుపు పతాకం: ఓడలో అందరమూ ఆరోగ్యంగా ఉన్నాం, రేవులోకి అనుమతించండి. నీలం నడుమ తెల్లని చదరం: బయలుదేరబోతున్నాం, అందరూ ఓడ ఎక్కండి. ఎరుపు, పసుపు ఏటవాలుగా పంచుకున్నది: మనిషి నీళ్ళలో పడ్డాడు! "అన్నీ జెండాలే" అనేవారిని ఆ ఓడపై ఒక్క పూట నిలబెట్టాలి.

వీటిలో నాకు ఎక్కువ నచ్చినది సమాధాన టెక్కెం. అవతలి ఓడ ఎత్తిన సంకేతం కంటబడగానే దీనిని సగం వరకు ఎత్తుతారు. 'చూచాను' అని. సంకేతావళి తిరగవేసి అర్థం గ్రహించిన తరువాత చివరిదాకా ఎత్తుతారు. 'తెలిసింది' అని. చూడడానికీ తెలియడానికీ నడుమ ఎంత దూరం ఉన్నదో ఆ తాడు చూపుతుంది. మా తరగతి గదులలో ఇటువంటి తాడు ఒకటి ఉండి ఉంటే ఎంత బాగుండేదో. "అర్థమైందా?" అంటే అందరూ ఒక్కసారిగా చివరిదాకా ఎత్తే పిల్లలతో ముప్ఫైయేళ్ళు గడిపాను!

పండుగ రోజులలో, సమీక్షల వేళ, ఓడలను ఈ సంకేత పతాకాలతోనే ముందు కొన నుండి వెనుక కొన దాకా తోరణం కట్టి అలంకరిస్తారు. 2006, 2016, 2022 సంవత్సరాలలో విశాఖ తీరాన రాష్ట్రపతులు నౌకాదళ సమీక్ష జరిపినప్పుడు ఆ అలంకారాన్ని జనం చూచి ఉంటారు. అందులో మెలకువ ఏమిటంటే, ఆ పతాకాల వరుసను ముందే నిర్ణయించి పెడతారు, ఏ అర్థమూ రాకుండా! అలంకారం పొరబాటున మాట కాకూడదు అని వారి జాగ్రత్త. మాట అలంకారమైపోకూడదని మనకు జాగ్రత్త ఉన్నదా?

మా తిరుపతి వీధులలోకి వచ్చి చూడండి. సభ అయిపోయి నెలలు గడిచిన పార్టీల జెండాలు విద్యుత్ స్తంభాలకు వ్రేలాడుతూనే ఉంటాయి. వానకు తడిసి, ఎండకు వెలిసి, ఏ పార్టీదో పోల్చుకోవడానికి వీలు లేకుండా. జాతర తోరణాలు మరుసటి జాతర దాకా తీగలకు చిక్కుకొని ఉంటాయి. ఆగస్టు 16వ తేదీ ఉదయం కాగితపు, ప్లాస్టిక్ మువ్వన్నెలు కాలువలలో కనిపిస్తాయి. కట్టినవారు వందమంది, విప్పేవాడు ఒక్కడూ లేడు. అందరూ 'వచ్చి' దగ్గరనే ఆపివేశారు. పతాక నియమావళి 2002 జనవరి 26 నుండి అమలులో ఉన్నది. 2021 డిసెంబరులో పాలియెస్టర్ వస్త్రానికి, 2022 జూలైలో పౌరులు రాత్రివేళ కూడా ఎగురవేయడానికి అనుమతి ఇస్తూ సవరించారు. ఆ ఆగస్టులో ఇంటింటా మువ్వన్నెలు ఎగిరాయి. చూడ ముచ్చటగా ఉండినది. కాని రాత్రి కూడా ఉంచవచ్చు అనే మాటను చిరిగి పీలికలయ్యేదాకా ఉంచవచ్చు అని చదువుకున్నవారెందరో! చిరిగినదానిని ఎగురవేయరాదనీ, ఏకాంతంలో గౌరవంగా, వీలైతే దహనం చేసి, ముగించాలనీ అదే నియమావళి చెబుతున్నది. ఆ భాగం చదివేవారు తక్కువ.

దీనికీ భాషకూ ఏమి సంబంధం అంటారా? ఉన్నది. గుడిలోనిదానికి ఒక పేరు, ఓడపైనిదానికి ఒక పేరు, వీధిలోనిదానికి ఒక పేరు ఉంటే, ఒక్కొక్కదానికి ఒక్కొక్క మర్యాద గుర్తుకు వస్తుంది. ధ్వజానికి ఆరోహణం ఉన్నది గనుక అవరోహణం ఉన్నదని బాలునికి కూడా తెలుస్తుంది. జెండాకు 'పాతడం' ఒక్కటే మిగిలింది. పాతినవాడు పీకడు.

జెండా అనే మాటపై నాకు కోపం లేదు. హిందీ, ఉర్దూల నుండి వచ్చినా మన ఇంటి మాటే అయినది. జెండా పండుగ అంటే పిల్లల ముఖాలు వెలుగుతాయి. దానిని వెళ్ళగొట్టమని నేననను. వచ్చిన చుట్టం పడకగది, వంటిల్లు, పూజగది అన్నీ ఆక్రమిస్తే మాత్రం ఇంటివాళ్ళు ఎక్కడికి పోవాలి?

నేను కోరేది ఇది. జాతీయ పతాకం అనే మాట స్థిరపడినది, అట్లాగే ఉండనివ్వండి. నౌకాదళానిది, సైన్యానిది ధ్వజం అందాం. పెన్నెంట్‌కు, అంటే కొసకు సన్నబడే ఈ పొడవాటిదానికి, టెక్కెం అనే మాటను కేటాయించుకుందాం. టెక్కెం అంటే ధ్వజమని నిఘంటువులు చెబుతాయి, నిజమే. కాని ఈనాడు పని లేక నిఘంటువులో కూర్చున్న మాట అది, అచ్చతెలుగు మాట, పని ఇస్తే చేస్తుంది. వరుసగా కట్టినవి తోరణాలు. పార్టీలది, సంఘాలది జెండా. దీనికంటే మంచి పంపకం ఎవరైనా చెబితే సంతోషంగా ఒప్పుకుంటాను. పంపకమే వద్దంటే మాత్రం ఒప్పుకోను.

"టెక్కెం అంటే ఎవరికి తెలుస్తుంది మాస్టారూ?" అని విలేకరి మిత్రుడొకరు నవ్వారు. 2020 మార్చికి ముందు క్వారంటైన్ అంటే ఎవరికి తెలుసు? పదిరోజులు పత్రికలు వ్రాశాయి, మా వీధిలో పూలమ్మే అవ్వ కూడా అన్నది. (ఆ మాటకు మూలం ఓడలనూ, ఓడపైనున్నవారినీ నలభై దినాలు రేవు బయట నిలిపివేసే ఐరోపా ఆచారమే, ముందు చెప్పిన పసుపు పతాకానికి చుట్టం.) తెలియని ఆంగ్లపు మాటను నేర్పగల పత్రిక మరచిన తెలుగు మాటను నేర్పలేదా?

ఇకపై విశాఖలో ఏ నౌక విరమించినా వార్త ఇట్లా వ్రాయవచ్చు: "సూర్యాస్తమయాన జాతీయ పతాకం, నౌకాదళ ధ్వజం దిగాయి. నౌక సేవలో చేరిన నాటి నుండి స్తంభాగ్రాన ఎగురుతున్న టెక్కేన్ని కూడా దించారు." పత్రికలో నాలుగు పంక్తుల కంటే ఎక్కువ పట్టదు.